నాలుగో నంబరు డబ్బా

పెద్దాసుపత్రి వంటింట్లో జావ కాచే ఆవిడకు అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. వంటవాళ్ళకీ, నర్సులకీ, ఆఖరికి గేటు దగ్గర కూర్చునే ముసలాయనకీ ఆమె జావమ్మే. మొదట్లో ఎవరో వేళాకోళానికి అన్న మాట అది. వేళాకోళం అరిగిపోయింది, పేరు మిగిలింది.

పొద్దున ఏడింటికల్లా రెండు వందల పన్నెండు గిన్నెల జావ ట్రాలీల మీద వార్డులకు వెళ్ళాలి. అందులో ఉప్పు వెయ్యకూడదు. ఎవరికెంత ఉప్పో, అసలు ఉప్పు తగలవచ్చో లేదో పైవాళ్ళు చీటీ మీద రాస్తారు, ఆ చీటీని బట్టి చిన్న పొట్లం పళ్ళెంలో పక్కన పెడతారు. పద్దెనిమిదేళ్ళుగా జావమ్మ చెయ్యి ఉప్పు డబ్బా వైపు పోలేదు. రుచి చూసే పనీ లేదు. ఉడికిందో లేదో గరిటె బరువే చెబుతుంది.

ఎనిమిదిన్నరకు గిన్నెలు తిరిగి వస్తాయి. మిగతా వాళ్ళు అప్పుడు టీ తాగుతారు. జావమ్మ మాత్రం తొట్టి పక్కన నిలబడి, నీళ్ళలో పడేసే ముందు ఒక్కో గిన్నెలోకీ తొంగిచూస్తుంది. గిన్నె అంచున మైనం పెన్సిలుతో మంచం నంబరు ఉంటుంది.

"పద్నాలుగు ఇవాళ అడుగు కూడా గీరి తిన్నాడు," అంది ఆ సోమవారం. "రేపో ఎల్లుండో ఇంటికి పంపేస్తారు చూడు."

"నువ్వు డాక్టరువైతే బాగుండేదే. చెయ్యి పట్టుకోకుండానే వైద్యం చేసేదానివి," అంది ట్రాలీ అక్క. ఆవిడ జావమ్మకన్నా పదేళ్ళు పెద్దది, మోకాళ్ళు రెండూ అరిగినా నోరు మాత్రం అరగలేదు.

"ముప్ఫై ఒకటి చూడు. పాలమీగడ పక్కకి తోసేసింది. ఎవరికోసమో ఎదురు చూస్తోంది. ఆకలి ఉండీ తినలేదు."

"మీగడకి ఇన్ని అర్థాలున్నాయని నాకు తెలీదమ్మా," అని అక్క ట్రాలీ వెనక్కి తిప్పుకుంది.

జావమ్మకు మాత్రం తెలుసు. ఏదో ఒక రోజు చీటీ రాదు. చీటీ రాలేదంటే మనిషి మంచం ఖాళీ చేసినట్టు. ఇంటికి వెళ్ళారో, ఇంకెక్కడికి వెళ్ళారో చీటీ చెప్పదు. ఆ పూట జావలో ఒక గరిటె తగ్గించాలి, అంతే. ఆ ఒక్క గరిటె తగ్గించేటప్పుడు ఆమెకు ఇన్నేళ్ళయినా చెయ్యి ఆగుతుంది.

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి బల్ల మీద ఒక కాగితం ఉంది. పెద్దమ్మాయి నర్సు శిక్షణకు ఎంపికయ్యింది. శనివారం పొద్దున తొమ్మిదిన్నర బస్సుకు వెళ్ళి హాస్టల్లో చేరాలి. చేరే ముందు చేయించుకోమన్న పరీక్ష తాలూకు కాగితం అది. జావమ్మ కూడబలుక్కుని చదివింది. రక్తం తక్కువగా ఉందనీ, మాత్రలు వాడాలనీ, పొద్దున్నే ఖాళీ కడుపుతో ఉండకూడదనీ రాశారు.

"పొద్దున ఏం తింటున్నావే?"

"తింటున్నాన్లే అమ్మా," అంది పెద్దమ్మాయి పెట్టెలో బట్టలు సర్దుతూ.

"ఏంటది?"

"టీ, బిస్కెట్లు."

"నాలుగేసి," అంది పదేళ్ళ చిన్నది. "విరిగినవి వస్తే ఐదు. ఆ కాగితాలన్నీ నేను దాచుకున్నానమ్మా, పుస్తకాలకి అట్టలేస్తున్నా." అని తన పుస్తకాల బొత్తి తెచ్చి చూపించింది. ఎరుపూ పసుపూ మెరిసే బిస్కెట్ పొట్లాల కాగితాలు, ఒక్కో పుస్తకానికి నాలుగైదు అతికించి, నీటుగా అట్టలు వేసుకుంది. పదకొండు పుస్తకాలున్నాయి. జావమ్మ ఒక్కొక్కటీ తిప్పి చూసి, బొత్తి మళ్ళీ చిన్నదాని చేతిలో పెట్టింది.

ఆమె తెల్లవారకముందే గడప దాటుతుంది. ఆదివారం ఒక్కటే సెలవు. ఆ రోజు ఒళ్ళు తెలీకుండా తొమ్మిదింటి దాకా పడుకుంటుంది. పిల్లలు అమ్మకి నిద్రాభంగం కాకూడదని బిస్కెట్లు పట్టుకెళ్ళి బయట మెట్ల మీద కూర్చుని తింటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. మంచి పిల్లలని పదిమందికీ చెప్పుకుంది కూడా. ఇప్పుడు ఆ మెట్లు గుర్తొచ్చాయి. పద్దెనిమిదేళ్ళ పిల్ల. దానికి పాలు మాన్పించిన దగ్గర్నుంచీ ఒక్క పొద్దుటి పూట ఎదురుగా కూర్చుని అది తింటుంటే చూసిన గుర్తు లేదు. ముప్ఫై ఒకటో మంచం మీద ఆవిడ మీగడ ఎందుకు తోసేసిందో తెలుసు. సొంత కూతురికి ఏం గిట్టదో తెలీదు.

ఇంకా నాలుగు పొద్దులున్నాయి, శనివారంతో కలిపి ఐదు.

ఆ సాయంత్రం ఆమె సంచి పట్టుకుని బయల్దేరింది. దినుసుల కొట్టులో విడిగా అమ్మే గోధుమ నూక, నూనె తీసే చోట దొరికే వేరుశనగలు, మొలకలకు పెసలు. ఎండుద్రాక్ష మంచివి అడిగితే ధర వినబుద్ధి కాలేదు. చిట్లినవి, పొడుగూ పొట్టీ కలిసినవి అడుగున ఉన్నాయి, అవి తీసుకుంది. సందు చివర పళ్ళబండి వాడు తొక్క మీద మచ్చలు పడ్డ అరటిపళ్ళు సాయంత్రానికి వదిలించుకోవాలని చూస్తుంటాడు. లోపల పండు తేనెలా ఉంటుందని ఆమెకు తెలుసు, ఆసుపత్రికీ అవే వస్తాయి. తెచ్చినవన్నీ బల్ల మీద పెట్టి చూసుకుంటే, నెలంతా ఇవే కొన్నా బిస్కెట్లకు పోసేదానికన్నా తక్కువలోనే తేలేట్టుంది. ఇంత తేలికైన పని పద్దెనిమిదేళ్ళు ఎందుకు తట్టలేదా అని నిలబడిపోయింది.

"ఏంటీ, ఆసుపత్రి ఇక్కడికి మార్చారా?" అన్నాడు భర్త. ఇళ్ళకు రంగులు వేసే మనిషి. చేతులు ఎంత కడిగినా గోళ్ళలో ఏదో ఒక రంగు ఉంటుంది. ఆ వారం ఆకుపచ్చ.

"మీరు కూడా తినాలి. రేపట్నుంచి బిస్కెట్లు బంద్."

"నాకు రక్తం బానే ఉందే."

"రంగు ఉంది, రక్తం సంగతి నాకు తెలీదు," అంది. పిల్లలిద్దరూ నవ్వారు. ఆ నవ్వు విని ఆమెకు ఇంకాస్త హుషారొచ్చింది.

మంగళవారం తెల్లవారుజామున నూక దోరగా వేయించింది. ఇల్లంతా కమ్మటి వాసన పాకింది, కానీ లేచి ఉన్నది ఆమె ఒక్కతే. నీళ్ళలో సగం ఉడికాక పాలు పోసింది. వేయించి పొట్టు తీసిన వేరుశనగలు కచ్చాపచ్చాగా దంచి వేసింది. దించాక మూతపెట్టి ఉంచి, డబ్బాల్లో సర్ది, పైన ద్రాక్షలూ అరటిపండు ముక్కలూ పెట్టింది. ఉడికించిన గుడ్డు తలా ఒకటి. మూతల మీద మైనం పెన్సిలుతో అలవాటు కొద్దీ నంబర్లు వేసింది. ఒకటి, రెండు, మూడు. భర్త, పెద్దది, చిన్నది. పెన్సిలు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వచ్చేసరికి మూడు డబ్బాలూ కడిగి, తుడిచి, బోర్లించి ఉన్నాయి.

"నేను మూడో మంచమా అమ్మా?" అంది చిన్నది. "నాన్నేమో ఒకటో మంచం రోగి పనికి పోతున్నాడహో అని అరుచుకుంటూ వెళ్ళాడు."

"తిన్నారా?"

"ఊఁ."

"అంతా తిన్నారా?"

"ఊఁ," అంది పెద్దది.

జావమ్మ డబ్బాలు తిప్పి తిప్పి చూసింది. తళతళా మెరుస్తున్నాయి. ఎవరు ఏం వదిలేశారో, ఎవరు ఇష్టంగా తిన్నారో, ఎవరు మొహమాటానికి మింగారో, ఒక్క ముక్క తెలీడం లేదు.

"రేపట్నుంచి కడగొద్దు. అలాగే ఉంచండి," అంది.

పెద్దది తల ఎత్తి చూసింది. "నువ్వు ఆసుపత్రిలో అన్ని గిన్నెలు చూసొచ్చి ఇక్కడ కూడా ఎంగిలి గిన్నెలు చూడాలా? నేను ఉండగా? శనివారం దాకానైనా నన్ను కడగనీ అమ్మా."

జావమ్మ డబ్బాలు అరలో సర్ది లోపలికి వెళ్ళింది.

బుధవారం మొలకలు కలిపింది. గురువారం నూకలో తురిమిన కారెట్ వేసి చూసింది. రోజూ డబ్బాలు మెరుస్తూనే ఉన్నాయి. అందరూ బాగుందనే అన్నారు. ఆ బాగుంది అనేదాంట్లో ఏదో ఉంది. వార్డుల్లో కూడా అలాగే అంటారు, పెద్ద డాక్టరు తనిఖీకి వచ్చినప్పుడు. ఆమెకు ఇంకేం పనికిరాదు, ఎదురుగా కూర్చోవాలి. ఒక్క పొద్దు. శనివారం పొద్దు. పిల్ల చెంచా ముందు దేనిమీద వేస్తుందో, దేన్ని పక్కకు తోస్తుందో కళ్ళతో చూసుకోవాలి.

గురువారం పని అయ్యాక సూపర్‌వైజరు గదికి వెళ్ళి సెలవు కాగితం అడిగి తీసుకుంది. అది అచ్చేసిన కాగితం. పేరు, తేదీ, కారణం. ముందు అనారోగ్యం అని రాద్దామనుకుంది. తనకు జ్వరమో నొప్పో రాసుకోవడానికి చెయ్యి రాలేదు, రోగం పేరు రాసిన కాగితాలు ఏమవుతాయో రోజూ చూసే మనిషి. ఉన్నదే రాసింది. "మా అమ్మాయితో కలిసి టిఫిను తినడానికి."

శుక్రవారం పొద్దున ట్రాలీలు వెళ్ళాక సూపర్‌వైజరు ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకే వచ్చాడు. చెడ్డవాడు కాదు, కానీ నలుగురు ఉన్నప్పుడు గొంతు పెరుగుతుంది.

"ఏమ్మా, ఇదేం కారణం? నా ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను పెళ్ళిళ్ళకి సెలవు అడిగారు, చావులకి అడిగారు, కోర్టుకి అడిగారు. టిఫిను తినడానికి సెలవు అడిగింది నువ్వే." కాగితం పైకెత్తి చదివాడు. రొట్టెలు కాల్చే ఆయన నవ్వాడు. కూరలు తరిగే ఇద్దరూ నవ్వారు. గట్టిగా కాదు, కానీ నవ్వారు.

"ఆ అమ్మాయి రేపు వెళ్ళిపోతోంది సార్. తొమ్మిదిన్నరకి బస్సు."

"అయితే సాయంత్రం బస్సుకి పంపు."

"మధ్యాహ్నంలోగా చేరాలన్నారు."

"నీకు సెలవిస్తే రెండు వందల మందికి జావ నేను కాయాలా? జావకి నీతో ఉండే రెండో ఆవిడ ఎటూ రావట్లేదు. ఆదివారం నీకు సెలవేగా, అప్పుడు తినండి."

"ఆదివారం తను ఉండదు సార్."

"అది నా చేతిలో లేదమ్మా," అని కాగితం మడిచి, పాల లెక్క రాసే పలక వెనక దోపి వెళ్ళిపోయాడు.

జావమ్మ అప్పుడే వచ్చిన ట్రాలీ దగ్గరికి వెళ్ళి గిన్నెలు తీయసాగింది. ఆ రోజు ఒక్క గిన్నెలోకీ చూడలేదు. వచ్చినవి వచ్చినట్టు నీళ్ళలో ముంచింది. ట్రాలీ అక్క పక్కనే నిలబడి ఒక్కో గిన్నే అందించింది.

"పద్నాలుగు వెళ్ళిపోయాడు," అంది చివరికి. "ఇంటికే."

"ఊఁ."

"మీ అమ్మాయి బస్సు ఎక్కే చోటు ఇక్కడికి దగ్గరేగా?"

"దగ్గరైతే ఏం, దూరమైతే ఏం. నేను ఈ తొట్టి దగ్గరుంటాను."

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె సెలవు దొరకలేదని చెప్పింది. ఎలా అడిగిందో, ఎలా నవ్వారో చెప్పలేదు. పెద్దది ఒక్క నిమిషం పెట్టె తాళం వైపు చూస్తూ ఉండి, "ఫర్వాలేదులే అమ్మా, రేపు ఆలస్యంగా లేస్తానేమో కూడా," అంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. భర్త గోళ్ళలో ఆకుపచ్చ రంగు గీరుకుంటూ కూర్చున్నాడు.

శనివారం తెల్లవారుజామున జావమ్మ లేచేసరికి వంటగదిలో దీపం వెలుగుతోంది. పెద్దది పొయ్యి ముందు నిలబడి నూక వేయిస్తోంది.

"ఇవాళ నేను చేస్తాను, నువ్వు వెళ్ళు," అంది, వెనక్కి తిరగకుండానే.

"మాడిపోతుందే, మంట తగ్గించు."

"తగ్గించాను."

"పాలు సగం ఉడికాకే పొయ్యాలి."

"నాలుగు రోజుల్నుంచి మంచం మీద పడుకుని వింటున్నానమ్మా. ఎప్పుడు పోస్తావో చప్పుడు బట్టి తెలుసు."

పిల్ల మేలుకునే ఉండేదని జావమ్మకు అప్పుడే తెలిసింది. తనొక్కతే లేచి ఉన్నాననుకున్న నాలుగు తెల్లవారుజాములూ గోడకు అవతల పిల్ల కళ్ళు తెరుచుకుని పడుకుంది. ఇంకాసేపు ఉంటే ఆసుపత్రికి వెళ్ళే బస్సు అందదు. తల మీద ఒకసారి చెయ్యి వేసి, ఆ చెయ్యి తీసేటప్పుడు జుట్టులో వేళ్ళు చిక్కుకుంటే నెమ్మదిగా విడిపించుకుని వెళ్ళిపోయింది. జాగ్రత్త అనైనా అనలేదని సగం దారిలో గుర్తొచ్చింది.

ఏడింటికి ట్రాలీలు వెళ్ళాయి. ఎనిమిదీ ఇరవై అయింది. జావమ్మ గంగాళం తోముతోంది. వెనక తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. గేటు ముసలాయన.

"జావమ్మా, నీకోసం ఎవరో నర్సమ్మ వచ్చింది," అన్నాడు గంభీరంగా.

వెనక వైపు, పాల డబ్బాలు దించే మెట్ల దగ్గర పెద్దది నిలబడి ఉంది. చేతిలో గుడ్డ సంచి. దూరంగా గేటు బయట భర్త పెట్టె మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు, పక్కన చిన్నది. ఇద్దరూ ఇటు చూడకుండా రోడ్డు వైపు తిరిగి ఉన్నారు, చూడొద్దని ముందే అనుకున్నట్టు.

"ఎంతసేపుంది?" అంది జావమ్మ.

"ఇరవై నిమిషాలు ఉండొచ్చు, సీటు దొరకాలంటే ముందే వెళ్ళాలి. కూర్చో."

మెట్ల మీద కూర్చున్నారు. పిల్ల సంచిలోంచి రెండు డబ్బాలు తీసింది. ఒకదాని మూత మీద రెండు. ఇంకోదాని మీద, కొత్తగా, కాస్త వంకరగా, నాలుగు.

"నాలుగెవరు?" అంది జావమ్మ, తెలిసి కూడా.

"నాలుగో మంచం. ఎప్పుడూ ఏమీ తినదు, చీటీ కూడా రాదు."

జావమ్మ మూత తీసింది. ఆవిరి ఇంకా ఉంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. మింగింది. ఇంకో చెంచా పెట్టుకుని ఆగిపోయింది.

"ఏంటిది, ఇంత రుచిగా ఉంది? ఏం కలిపావు?"

పిల్ల చెంచా వైపు చూసింది. "ఉప్పు."

"ఉప్పా?"

"నువ్వు వెయ్యట్లేదమ్మా. ఒక్క రోజు కూడా వెయ్యలేదు. మేం కలుపుకునేవాళ్ళం. నాన్న చెప్పొద్దన్నాడు. పాపం అంత కష్టపడి చేస్తోంది, చిటికెడు ఉప్పుకేంటి, మనకి చేతుల్లేవా అన్నాడు."

జావమ్మకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అంతటితో ఆగక, "అందుకా డబ్బాలు కడిగి పెట్టారు?" అంది.

"చిన్నది ఉప్పు ఎక్కువ ఒంపేసుకునేది. డబ్బా అంచులకి తెల్లగా అంటుకునేది. నువ్వు చూస్తే కనిపెట్టేస్తావని."

లోపల ట్రాలీల చప్పుడు వినిపించాల్సిన వేళయింది. వినిపించలేదు. సూపర్‌వైజరు గొంతు వినిపించింది, గిన్నెలేవని అడుగుతూ. దానికి ట్రాలీ అక్క గొంతు, "లిఫ్టు పట్టేసింది సార్. కదలట్లేదు. నేనేం చెయ్యను, నెత్తిన పెట్టుకు దిగనా?" ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ లిఫ్టు తలుపు కింద తన చెప్పు దూర్చి పెట్టిందని జావమ్మకు తరవాత తెలిసింది.

పిల్ల తింటోంది. జావమ్మ తినడం మానేసి చూస్తోంది. ముందు అరటిపండు ముక్కలు. తరవాత వేరుశనగలున్న చోట చెంచాతో వెతుక్కుని మరీ తింది. గుడ్డులో పసుపు ముందు, తెలుపు తరవాత. ఎండుద్రాక్ష తగిలినప్పుడల్లా చెంచా చివర్తో తీసి, మూత తిరగేసి, అంచు వెంట వరసగా పెడుతోంది. మాట్లాడుతూనే పెడుతోంది, చూడకుండా. వరస సగం చుట్టు వచ్చింది.

"అవేంటే?"

"నాన్నవి," అంది పిల్ల. అని, మూత వైపు చూసుకుని ఆగిపోయింది. "అలవాటు. నాకు ద్రాక్షలు గిట్టవమ్మా. రొట్టెలో వచ్చినా, బిస్కెట్లో వచ్చినా ఏరి నాన్నకి పెట్టేదాన్ని. నాన్నకి ఇష్టం."

"ఎప్పట్నుంచి?"

"తెలీదు. ఎప్పుడూ అంతే."

గేటు దగ్గర భర్త ఒకసారి చేతి గడియారం చూసుకుని, వెంటనే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. పిల్ల లేచింది. డబ్బా కడగడానికి కొళాయి కోసం అటూ ఇటూ చూసింది. జావమ్మ ఆ డబ్బా చేతిలోంచి తీసుకుంది.

"ఉండనీ."

ఈసారి పిల్ల వాదించలేదు. వంగి, తల్లి భుజానికి ఒకసారి నుదురు ఆనించి, వెళ్ళిపోయింది. గేటు దగ్గర వెనక్కి తిరుగుతుందనుకుంది జావమ్మ. తిరిగింది కూడా. కానీ సరిగ్గా అప్పుడే లోపల్నుంచి లిఫ్టు బాగయిందని అక్క అరిచింది, జావమ్మ అటు చూసి ఇటు తిరిగేలోపల గేటు దగ్గర ముసలాయన ఒక్కడే ఉన్నాడు.

ఆదివారం ఆమె పడుకోలేదు. చిన్నది బిస్కెట్ల కోసం చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద వంటగదిలోకి వచ్చి, అమ్మను చూసి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. నాన్నని లేపు. ఇవాళ డబ్బాలు కాదు, గిన్నెల్లోనే."

నూక ఉడికింది. ఒక గరిటె నూక తక్కువే పోసింది. పోసేటప్పుడు చెయ్యి ఆగింది, అయినా తక్కువే పోసింది. ఉప్పు డబ్బా ఎక్కడుందో రెండు అరలు వెతికింది. చిటికెడు వేసి, అరచేతిలో కాస్త వేసుకుని నాలికతో చూసింది. ఇంకొంచెం వేసింది.

ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. నాలుగో కుర్చీ మీద చిన్నదాని పుస్తకాల బొత్తి ఉంది, మెరిసే అట్టలతో. భర్త చెంచా గిన్నెలో పెట్టబోయి ఆగాడు. గిన్నె నిండా ద్రాక్షలు. తనకు రావాల్సినవీ, ఇంకొకరివీ. నిన్నటి డబ్బా మూత మీద వరసగా పెట్టినవి కూడా, కాస్త ఎండిపోయి, అందులోనే ఉన్నాయి.

అతను తల ఎత్తి ఆమెను చూశాడు. తరవాత తల దించుకుని తినడం మొదలుపెట్టాడు, నెమ్మదిగా, ఒక్కొక్కటిగా. జావమ్మ చెంచా పట్టుకుని ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంది.